దుగ్గిరాలలో ఒక లాప్‌టాప్ బేరం

తెనాలి నుంచి దుగ్గిరాలకు రైలులో వెళ్ళడమంటే అది ప్రయాణం కిందికి రాదు. కిటికీ పక్కన చోటు సంపాదించి, చేతిసంచీ ఒళ్ళో సర్దుకుని, ఎదుటివారిని "ఏ ఊరండీ మనది?" అని పలకరించేలోగా దిగవలసిన ఊరు వచ్చేస్తుంది. ఆ కాస్త ప్రయాణానికే ఈసారి నేను మూడు రోజుల ముందునుంచీ జంకుతూ ఉన్నాను. జంకు ఎందుకంటే, నా సంచీలో ఒక కొత్త లాప్‌టాప్ ఉన్నది. సరిగ్గా చెప్పాలంటే, ఇచ్చిన చోటి నుంచి తిరిగి వచ్చిన కానుక.

మా అక్కయ్య కూతురు కిందటి సంవత్సరం న్యాయవాదిగా నమోదై, తెనాలి కోర్టులో ఒక సీనియరు దగ్గర చేరింది. ఆనాడే నేను నలుగురిలో "నీకు లాప్‌టాప్ కొనిపెట్టే పూచీ నాది" అని మాట ఇచ్చేశాను. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పద్యం ఇచ్చి గణవిభజన చెయ్యమంటే చేస్తాను గాని, లాప్‌టాప్ కడుపులో ఏ గణాలుంటాయో నాకేం తెలుసు? దుకాణంలో అన్నిటికంటె తళతళలాడేదాన్ని, మీటల కింద రంగురంగుల దీపాలు వెలిగేదాన్ని ఏరి, రూ. 68,000 పోసి కొన్నాను. అమ్మాయి రెండు రోజులు ఉంచుకుని, మూడోనాడు తమ్ముడి చేత తిప్పి పంపింది. వెంట ఒక చీటీ: "మామయ్యా, ఇది చాలా బాగున్నది. కాని నా పనికి సరిపడదు. శనివారం దుగ్గిరాల రా, ఎందుకో చెబుతాను. కోపం తెచ్చుకోకు."

కోపం రాలేదని అబద్ధం చెప్పను.

దుగ్గిరాల స్టేషనులో బావగారు నిలబడి ఉన్నారు. నా ముఖం చూడగానే, "ఏమోయ్ మాష్టారూ, అలిగావుట!" అన్నారు. జవాబు చెప్పేలోగా, "అక్కయ్య వంట ముగించేసరికి గంట పడుతుంది. యార్డు దాకా వెళ్ళొద్దాం పద" అని బండి ఎక్కించుకున్నారు. బావగారు పసుపు కమిషను వ్యాపారి. ఆయనకు కోపంలో ఉన్నవాణ్ణి యార్డుకు తీసుకుపోవడమే మందు.

దుగ్గిరాల పేరు చెబితే దేశంలోని వర్తకులకు గుర్తొచ్చేది పసుపు. ఈ ఊరి పేరుతో ఒక పసుపు రకమే ఉన్నది. అది దీర్ఘకాలిక రకం. తొలకరికి నాటితే సుమారు తొమ్మిది నెలలు భూమిలోనే ఉంటుంది. తవ్వి తీసిన తరువాత ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, ఆపైన డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టాలి. ఇంత తతంగం జరిగితే గాని అది మన పోపులపెట్టెకూ, పేరంటానికీ రాదు. నేను వెళ్ళింది ఫాల్గుణమాసం. యార్డు నిండా పసుపు బస్తాలు, రాసులు. నేలమీద పసుపు, మనుషుల చొక్కాలమీద పసుపు. గాలి పీల్చుకుంటే గొంతులోనూ పసుపే.

ఒక రాశి దగ్గర కొనుగోలుదారు నిలబడి ఉన్నాడు. పైన ఉన్న కొమ్ములు బంగారు కడ్డీల్లాగా మెరుస్తున్నాయి. ఆయన వాటిని ఊరికే చూసి ఊరుకోలేదు. రాశి లోపలికి చెయ్యి పోనిచ్చి అడుగు నుంచి ఒక కొమ్ము తీశాడు. రెండు చేతులతో పట్టుకుని ఫటేలున విరిచాడు. విరిగినచోట రంగు చూసి, మరొక కొమ్మును నేలకు కొట్టి చప్పుడు విన్నాడు. తల అడ్డంగా ఊపి పక్క రాశికి వెళ్ళిపోయాడు. పక్కది చూడబోతే మట్టిరంగుగా ఉన్నది. దాన్నీ విరిచి చూశాడు, అక్కడ ఆగాడు.

"చూశావుటోయ్?" అన్నారు బావగారు. "పైన కనిపించేది డ్రమ్ము పెట్టిన మెరుగు. ధర లోపలి రంగుకు కట్టాలి. నువ్వు కొన్న లాప్‌టాపును విరిచి చూశావా?"

అంటే ఇంట్లో అంతా మాట్లాడుకునే ఉన్నారన్నమాట!

భోజనాలయినాక వసారాలో చాపలు వేసుకుని కూర్చున్నాం. అమ్మాయి నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది.

ఆమె దగ్గరికి వచ్చే కక్షిదారులలో కౌలురైతులు చాలామంది. ఈ డెల్టాలో కౌలు ఎక్కువగా నోటిమాట మీద నడుస్తుందని పాఠకులకు తెలుసు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద కార్డు ఇవ్వజూపింది గాని, దానికి భూయజమాని సంతకం కావాలన్నది. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం దక్కుతుందో లేదో అని రైతుకు భయం. కనుక వకీలు దగ్గరికి వెళ్ళిన సంగతే బయటికి పొక్కకూడదు. వాళ్ళు పంపే పాసుపుస్తకం నకళ్ళు, అప్పుకాగితాలు, వేలిముద్ర వేసిన చీట్లు అన్నీ ఫోనులో తీసిన బొమ్మలుగానో, పీడీఎఫ్ దస్త్రాలుగానో వస్తాయి. ఏది ఎవరి ఫోను నుంచి ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియదు. తెరవకుండా ఉండటానికి వీల్లేదు.

"కిందటి శ్రావణంలో మాకు తెలిసిన ఒక ఆఫీసులో ఇలాగే వచ్చిన దస్త్రం ఒకటి తెరిచారు, మామయ్యా. తెల్లవారేసరికి కంప్యూటరులోని కాగితాలన్నిటికీ ఎవరో తాళం వేసేశారు. డబ్బు పంపితే తాళంచెవి ఇస్తామని తెరమీద నోటీసు. అందులో ముప్పై మంది రైతుల కాగితాలున్నాయి. తాళం వేసినవాడు వాటిని చదవలేదని నమ్మకమేమిటి?"

నా కోపం అక్కడ సగం దిగిపోయింది.

అందుకని ఆమె క్యూబ్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడదలచుకున్నది. పోలండు దేశస్థురాలు జొవాన్నా రుట్కోవ్‌స్కా అనే పరిశోధకురాలు తన బృందంతో కలిసి తయారుచేసి 2010లో ప్రకటించింది. మొదటి పూర్తి కూర్పు 2012లో వెలువడింది. ఉచితంగా దొరుకుతుంది. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2016లో దీన్ని మెచ్చుకున్నాడు. పత్రికలవారికి రహస్యంగా కాగితాలు పంపేందుకు ఏర్పడిన సెక్యూర్‌డ్రాప్ అనే ఏర్పాటులో, వచ్చిన కాగితాలను తెరిచి చదివే యంత్రానికి కూడా ఇదే పునాది.

"మామూలు కంప్యూటరు ఒకే గది ఉన్న ఇల్లు. దొంగ కిటికీలోంచి దూరితే బీరువా, పోపులపెట్టె, దేవుడి గూడు అన్నీ వాడివే. క్యూబ్స్ ఒకే యంత్రంలో చాలా గదులు కడుతుంది. జెన్ అనే సాఫ్టువేరు ఒక గదికీ మరొక గదికీ మధ్య గోడగా నిలబడుతుంది. కోర్టు పని ఒక గదిలో, బ్యాంకు ఒక గదిలో, రైతుల కాగితాలు దాచే గదికి అసలు ఇంటర్నెట్టే ఉండదు. ముక్కూముఖం తెలియని దస్త్రం వస్తే అప్పటికప్పుడు ఒక తాత్కాలిక గది కట్టి అందులో తెరుస్తాను. మూసెయ్యగానే ఆ గదీ పోతుంది, అందులో ఏ పురుగు ఉంటే అదీ పోతుంది."

మా అక్కయ్య ఇదంతా విని, "అంటే వచ్చినవాణ్ణి వసారాలోనే కూర్చోబెట్టి పంపించడమన్నమాట. ఇంతోటిదానికి పోలండు దాకా వెళ్ళాలా?" అన్నది.

"బాగానే ఉన్నది. మరి నేను కొన్నది ఏం పాపం చేసింది?" అన్నాను.

అమ్మాయి నోటుపుస్తకం తెరిచింది. నా కానుక మీద అభియోగపత్రం చదివినట్టే చదివింది.

మొదటిది ర్యామ్. ప్రతి గదీ తన వంతు జ్ఞాపకశక్తిని మింగుతుంది. కాగితం మీద 6 జీబీ చాలునని ఉన్నా, సిఫారసు 16 జీబీ. నేను కొన్నదానిలో 8 ఉన్నది. అదయినా బోర్డుకు అతికించేశారు. పెంచుకునేందుకు ఖాళీ చోటు లేదు. రెండోది బొమ్మలు చూపే చిప్పు. క్యూబ్స్‌కు ఇంటెల్ ప్రాసెసరులోనే ఇమిడి ఉండే చిప్పు బాగా నప్పుతుంది. ఆటల కోసం వేరుగా పెట్టే ఎన్విడియా చిప్పులతో తరచు పేచీ వస్తుంది. నేను అదనంగా డబ్బుపోసి మరీ ఆ పేచీ కొన్నాను! మూడోది నిద్ర. మూత వేస్తే పూర్తిగా నిద్రపోయి, తీస్తే లేచే పాత పద్ధతిని కొత్త లాప్‌టాపులు చాలావాటిలో తీసేశారు. కొత్త పద్ధతి కునికిపాటు క్యూబ్స్‌కు సరిగ్గా పడదు.

"దీపాలు మాత్రం చాలా బాగున్నాయి, మామయ్యా" అని ముగించింది.

"అయితే పాతది కొంటే సరిపోతుందా?"

"మరీ పాతదయితే మరొక చిక్కు. 2012 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్230 ఉన్నది. క్యూబ్స్ వాళ్ళు పరీక్షించి ముద్రవేసిన లాప్‌టాపులలో ఒకటి 2019లో ఆ యంత్రాన్నే మార్చి తయారుచేసింది. కాని అప్పటి ప్రాసెసరులో లోపం బయటపడితే దిద్దుబాటు పంపడం ఇంటెల్ మానేసింది. ఇల్లు గట్టిదే గాని, పునాదికి మరమ్మతు చేసేవాడు లేడు. ఇప్పుడు ముద్రపడినవి కొన్ని జర్మనీ, నెదర్లాండ్సు కంపెనీలు అమ్ముతున్నాయి. వాటి ధరకు సుంకం కూడా కలిపితే మనవల్ల కాదు."

మిగిలిన దారి ఒక పట్టిక. లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో తమ లాప్‌టాపులో క్యూబ్స్ వేసుకుని, ఏది పనిచేసింది, ఏది మొరాయించిందన్నది రాసి పంపితే, వాటిని ఒకచోట చేర్చి అందరికీ కనబడేలా ఉంచుతారు. అమ్మాయి నెలరోజులు దాన్ని చదివింది. అందులో చదవవలసింది పేరు మాత్రమే కాదట. ఒకే పేరుతో రెండు రకాలు వస్తాయి. థింక్‌ప్యాడ్ టి480 అంటే కొన్నిటిలో ఇంటెల్ చిప్పు ఒక్కటే, కొన్నిటిలో ఎన్విడియా కూడా ఉంటుంది. కనుక ప్రాసెసరు ఏ తరం, బొమ్మల చిప్పు ఏది, వైఫై కార్డు ఎవరిది, ఏ క్యూబ్స్ కూర్పుతో పరీక్షించారు, ఎప్పుడు రాశారు అన్నీ సరిచూసుకోవాలి. శాసనంలో పాఠభేదాలు చూసినట్టే! ఈ మాట మాత్రం నాకు బాగా అర్థమయింది.

అలా ఏరి ఏరి ఆమె ఒకదాన్ని తేల్చింది: 2020లో వచ్చిన థింక్‌ప్యాడ్ టి14, ఇంటెల్ పదోతరం ప్రాసెసరు ఉన్నది, వేరే బొమ్మల చిప్పు లేనిది. కంపెనీలు వాడి వదిలేసినవాటిని అమ్మే విజయవాడ దుకాణం ఒకటి నుంచి, నచ్చకపోతే రెండు రోజులలో తిరిగి ఇచ్చే షరతు మీద రూ. 27,000 బయానా కట్టి తెచ్చింది. బల్లమీద పెట్టి చూపించింది. నల్లగా, మూల ఒకచోట గీతపడి, యార్డులో చూసిన ఆ మట్టిరంగు కొమ్ములాగే ఉన్నది.

సాయంత్రం చల్లబడ్డాక ఇద్దరం లాకుల వైపు నడిచాం. దుగ్గిరాలకు పసుపు ఒక కన్నయితే లాకులు రెండో కన్ను. 1855లో విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక పడమటి డెల్టాకు నీళ్ళు పారాయి. ఆనకట్టకు బదులుగా 1957లో ప్రకాశం బరాజు వచ్చింది. సీతానగరం దగ్గర బయలుదేరిన పెద్దకాలువ దుగ్గిరాల వచ్చి పాయలుగా చీలుతుంది. ఒక పాయ నిజాంపట్నం వైపు, ఒకటి కొమ్మమూరు కాలువగా పెదగంజాం వైపు పోతాయి. సీతానగరం నుంచి పెదగంజాం దాకా 113 కిలోమీటర్ల జలమార్గం. అక్కడ బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. రోడ్లూ లారీలూ లేని రోజుల్లో ధాన్యం పడవలు ఈ దారినే మద్రాసు దాకా వెళ్ళేవి. 2008లో దీన్ని జాతీయ జలమార్గంలో చేర్చారు గాని, నేను చూసిన సాయంత్రం కాలువలో పడవ లేదు. నీళ్ళు మాత్రం తలుపుల సందునుంచి సన్నగా చిమ్ముతూ ఉన్నాయి.

"లాకు ఎలా పనిచేస్తుందో తెలుసా, మామయ్యా?" అన్నది అమ్మాయి.

చిన్నప్పుడు మా తాతగారు చెప్పిందే చెప్పాను. ఎగువన నీళ్ళు ఎత్తు, దిగువన పల్లం. పడవ నేరుగా దిగితే ముక్కలవుతుంది. కనుక మధ్యలో ఒక తొట్టి కట్టి రెండు వైపులా తలుపులు పెడతారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు; నీళ్ళు దిగువ మట్టానికి దించి, అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. రెండు తలుపులూ ఎన్నడూ ఒకేసారి తెరవకూడదు.

"అంతే. కాగితం ఒక గదిలోంచి మరొక గదిలోకి వెళ్ళాలన్నా ఇంతే. ఊరికే పారదు. నేను పంపమంటేనే, నేను చెప్పిన గదికే వెళుతుంది. అయితే తలుపులు ఎంత బాగున్నా అడుగున బొరియ ఉంటే లాభమేమిటి? వైఫై కార్డు వంటివి ప్రాసెసరును అడగకుండా నేరుగా జ్ఞాపకశక్తిలోకి చెయ్యి పెట్టగలవు. వాటిని తమ గదికే కట్టిపడేసే సౌకర్యం ప్రాసెసరులోనే ఉండాలి. ఇంటెల్ వాళ్ళు దాన్ని వీటీ-డీ అంటారు. ఏఎండీ వాళ్ళకూ అలాంటిదే ఉన్నది. 2018లో వచ్చిన నాలుగో కూర్పు నుంచి అది లేకపోతే పనికిరాదన్నారు. ఈ రాత్రి చూడవలసింది అదే."

రాత్రి భోజనాలయ్యాక అందరం బల్లచుట్టూ చేరాం. ఆమె ముందే క్యూబ్స్ దించుకుని, దాని సంతకం సరిచూసి పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఉంచింది. కోర్టు నకలు మీద ముద్ర సరిచూసుకున్నట్టే, ఇది అసలుదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా అని చూడటమట. పాత యజమాని డిస్కు తీసేసి కొత్తది బిగించింది. లోపలి సెట్టింగులకు పాత కంపెనీ వేసిన సంకేతపదం ఏమైనా ఉందా అని చూసింది. లేదు. అది ఉంటే యంత్రం కొన్నా తాళంచెవి కొననట్టేనట.

పెన్‌డ్రైవు పెట్టి మీట నొక్కింది. అక్షరాలు బారులు బారులుగా పోయాయి. ఉన్నట్టుండి ఒక హెచ్చరిక వచ్చి నిలిచింది: ఈ యంత్రంలో కావలసిన సౌకర్యం కనబడటం లేదు. కనబడనిది ఆ వీటీ-డీయే!

ఎవరమూ మాట్లాడలేదు. బావగారు సుపారీ నమలడం ఆపారు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. నిజం చెప్పొద్దూ, నాలో ఏ మూలనో చిన్న సంతోషం కూడా కలిగింది. నేనొక్కణ్ణే మోసపోలేదు కదా అని. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఒక నిమిషం ఆలోచించి ఆమె యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టింది. ఎఫ్1 మీట నొక్కి సెట్టింగులలోకి వెళ్ళింది. ఒక్కొక్క వరసే చదువుతూ భద్రత అన్న పుటలో ఆగింది. "ఉన్నది! మూసి పెట్టారంతే" అని కేక వేసింది. పాత యజమానికి దాని అవసరం లేక మూసి ఉంచినట్టున్నాడు. తెరిచి, భద్రపరిచి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి హెచ్చరిక రాలేదు. యంత్రం దారినపడటానికి అర్ధరాత్రి దాటింది. మూత వేసి తీశాం, నిద్రపోయి లేచింది. వైఫై కలిసింది. ఒక్కొక్క గది కిటికీకి ఒక్కొక్క రంగు అంచు. బయటి లోకానికి ఎరుపు పెట్టింది. కాగితాలు దాచే గదికి నలుపు. పోతన అక్షరాలు వేసి నా పేరు తెలుగులో రాసి చూపించింది. గుణింతాలూ ఒత్తులూ ఎక్కడివక్కడ కుదిరాయి.

"ఇంతచేశాక దొంగ రాడని హామీయేనా?" అన్నారు బావగారు.

"హామీ ఎవరూ ఇవ్వరు, నాన్నా. ఎర్ర కిటికీలో చెయ్యవలసిన పని నల్ల కిటికీలో చేస్తే తప్పు నాదే. ఒకరు వాడి వదిలిన యంత్రం కనుక ఆ మాత్రం అనుమానమూ ఉండనే ఉన్నది. కాని ఒక గదిలో నిప్పంటుకుంటే ఇల్లంతా కాలిపోదు. నన్ను నమ్మి కాగితాలు పంపినవాళ్ళకు ఆ మాట చెప్పగలను."

పొద్దున నేను లేచేసరికి అమ్మాయి అప్పుడే బల్ల దగ్గర కూర్చుని ఏదో రాస్తున్నది. ఆ యంత్రం వివరాలన్నీ తీసి ఇచ్చే చిన్న సాధనం ఒకటి క్యూబ్స్‌లోనే ఉన్నదట. ఆ వివరాలకు తన అనుభవం జతచేసి పట్టికకు పంపుతున్నది. ఏ కూర్పుతో పరీక్షించింది, ఏది పనిచేసింది, వీటీ-డీ ఎక్కడ మూసి ఉన్నది అన్నీ రాసింది. "నేను ఎవరో రాసింది చదివే కదా కొన్నాను. నా తరువాత కొనేవాళ్ళకు ఇది ఉండాలి" అన్నది.

ఇంతలో ఆమె ఫోనుకు ఒక దస్త్రం వచ్చింది. పక్క ఊరి కౌలురైతు పంపిన అప్పుకాగితం. దాన్ని కొత్త యంత్రంలోకి తెచ్చి తాత్కాలిక గదిలో తెరిచింది, చదివింది, బొమ్మగా మార్చిన నకలొకటి నల్ల అంచు గదికి పంపింది, కిటికీ మూసింది. అంతా కలిసి మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. కిందటి వారం వరకూ ఆ మూడు నిమిషాల పనికి ఆమె గుండె చిక్కబట్టుకుని కూర్చునేదని అక్కయ్య తరువాత చెప్పింది.

రూ. 27,000 నేనే ఇచ్చాను. మాట ఇచ్చినవాణ్ణి కదా! తిరుగు రైలులో నా సంచీ వచ్చినప్పటంత బరువుగానే ఉన్నది. దుకాణదారు తిరిగి తీసుకోనన్న ఆ దీపాల లాప్‌టాపును నేనే ఉంచుకున్నాను. ఈ వ్యాసం దానిమీదే రాశాను. రాత్రిపూట దీపాలు చాలా బాగుంటాయి.